ఏళ్ల తరబడి మూలన పడ్డ డీజిల్ ఎస్‌యూవీని తక్కువ ఖర్చులో రోడ్డెక్కించడం ఎలా

షెడ్డులోనో చెట్టు కిందో నాలుగైదేళ్లు పడి ఉన్న స్కార్పియో, బొలెరో, సుమో, సఫారీ లాంటి బండిని మళ్లీ వాడాలనుకోగానే చాలామంది కొత్త బ్యాటరీ తెచ్చి బిగించి సెల్ఫ్ కొడతారు. ఖర్చు పెరిగేది అక్కడే. ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో బేరింగుల్లో ఆయిల్ జారిపోయి ఉంటుంది, ట్యాంకు అడుగున నీళ్లు చేరి ఉంటాయి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుక కాపురం పెట్టి ఉంటుంది. ఆ స్థితిలో ఇంజన్ రెండు నిమిషాలు తిరిగినా, ఫిల్టర్‌తో తీరిపోవాల్సిన పని డీజిల్ పంపు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల దాకా పోతుంది. సెల్ఫ్ కొట్టడానికి ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో చాలావరకు ఖర్చు లేనివే.

స్పానర్ పట్టకముందు లెక్క

ముందు ఆర్‌సీ తీసి తేదీ చూడండి. సొంత బండి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. 2009లో కొన్న బండికి అది 2024లోనే అయిపోయింది. ఫారం 25తో దరఖాస్తు పెట్టి, బండిని ఆర్టీఏ వాళ్లకు చూపించి, ఐదేళ్లకు పొడిగించుకోవాలి. 15 ఏళ్లు దాటిన కారు, జీపు తరగతికి ఈ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టు నుంచి 10,000. గ్రీన్ ట్యాక్స్ వేరు. ఆలస్యమైన నెలలకు పడే అదనపు రుసుము ఇంకా వేరు. ఏళ్ల ఆలస్యం ఉంటే ఆ అదనమే అసలు ఫీజును మించిపోవచ్చు, కాబట్టి మొత్తం అంకె కౌంటర్లో కనుక్కున్నాకే మెకానిక్‌ను పిలవండి. బండి చనిపోయిన తండ్రిగారి పేరునే ఉంటే ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోవాలి. అప్పు ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉండిపోయిన బండ్లు ఎన్నో. ఆ బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవడానికి ఒక్కోసారి రిపేరు కంటే ఎక్కువ రోజులు పడుతుంది, అందుకే ముందే కదిలించండి. పాత చలాన్లూ చూసుకోండి.

1500 సీసీ దాటిన సొంత కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ ధరల ప్రకారం 7,897 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 9,300 పైచిలుకు. పాలసీ ఆగిపోయి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ పోయినట్టే. ఫుల్ ఇన్సూరెన్సుకు బండి తనిఖీ కూడా ఉంటుంది. పాత బండికి మొదటి ఏడాది థర్డ్ పార్టీ సరిపోతుంది.

నాలుగు టైర్లకు ముప్పై వేల పైన, బ్యాటరీకి ఏడెనిమిది వేలు, ఇన్సూరెన్సు, ఆర్‌సీ ఫీజు. ఇంజన్‌ను ముట్టుకోకుండానే యాభై వేలు దాటింది చూశారా. వీటిలో మిగుల్చుకునేది దాదాపు ఉండదు. మిగుల్చుకోగలిగింది కూలీలోనూ, అక్కర్లేని పార్టులు కొనకపోవడంలోనూ.

లెక్క కుదిరిందనుకుంటే బండి కిందకు దూరండి. ఈ బండ్లకు ప్రాణం ఛాసిస్. చిన్న సుత్తితో రెండు పొడవు పట్టీలనూ ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టుకుంటూ వెళ్లండి. ఖంగుమంటే మంచి ఇనుము. డబడబమంటూ పొక్కులు రాలితే లోపల తినేసిందన్నమాట. వెనక స్ప్రింగులు తగిలే బ్రాకెట్లు, బాడీ మౌంటు రబ్బర్ల చుట్టూ, గేర్‌బాక్స్ అడ్డపట్టీ దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఫ్లోర్ రేకు చిల్లు పడితే టింకరింగ్‌తో పోతుంది. స్ప్రింగు బ్రాకెట్ దగ్గర ఛాసిస్ పట్టీయే చిల్లు పడితే ఆ బండి మీద పైసా పెట్టకండి. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకుంటే కొత్త బండి కొన్నప్పుడు పనికొస్తుంది.

విజయవాడ బండైతే ఇంకో పరీక్ష ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక వైపు రోజుల తరబడి నిలబడింది. మీ బండి అప్పుడు ఎక్కడుందో తెలియకపోతే సీటు బెల్టును పూర్తిగా బయటకు లాగి చూడండి, బురద గీత దానిమీద దాక్కోలేదు. సీట్ల పట్టాల సందుల్లో ఒండ్రు, డాష్‌బోర్డు కింద స్క్రూలకు తుప్పు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) కనెక్టర్ పిన్నులకు పచ్చని చిలుము ఉన్నాయేమో చూడండి. నీళ్లు బానెట్ ఎత్తు దాకా వచ్చినట్టు తేలితే నాజిళ్లు విప్పకుండా ఇంజన్ తిప్పవద్దు. సిలిండర్లో నీళ్లు ఉండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

బానెట్ ఎత్తాక

కర్రతో తట్టి, కాసేపు ఆగి ఎత్తండి. పల్లెల్లో, తోటల పక్కన పెట్టిన బండ్లలో పాములు ఉండటం విడ్డూరమేమీ కాదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి గడ్డి, గుడ్డపీలికలు తీసేసి, టర్బోకు వెళ్లే పైపులోకి టార్చి వేయండి. సైలెన్సర్ గొట్టంలో కందిరీగల గూడు ఉండొచ్చు, ఇనుప తీగ దూర్చి చూడండి. ఏసీ బ్లోయర్ దగ్గరా ఎలుకలు చేరతాయి. వైర్లను చేత్తో తడుముతూ పోతే కొరికిన చోటు తెలుస్తుంది. అక్కడ టేపు చుట్టి వదిలేయకండి, సోల్డర్ చేసి హీట్ ష్రింక్ ట్యూబు వేయించండి.

పాత బ్యాటరీని మీటరుతో చూడండి. 10.5 వోల్టుల కంటే దిగి ఏళ్లు గడిచినదాన్ని ఛార్జింగుకు పెట్టి కాలయాపన చేయొద్దు. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే కొంత తగ్గుతుంది. కాకపోతే కొనడానికి ఇంకా తొందర లేదు. ఇంజన్ తిరుగుతుందని తేలేదాకా పక్కింటి బండి బ్యాటరీతో జంపర్ వైర్లు చాలు.

ఇంజన్‌ను చేత్తో తిప్పండి

డిప్ స్టిక్ తీసి చూడండి. ఆయిల్ నల్లగా ఉంటే ఫర్వాలేదు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, కారణం తేల్చాకే ముందుకు. లెవెల్ గరిష్ఠం గీత దాటి ఉండి డీజిల్ వాసన వస్తుంటే నాజిలో పంపో లోపల కారుతోంది.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ మధ్య బోల్టుకు సరైన సాకెట్, పొడవాటి హ్యాండిల్ వేసి, ఇంజన్ మామూలుగా తిరిగే దిశలోనే మెల్లగా తిప్పండి. పూర్తిగా రెండు చుట్లు తిరగాలి, అప్పుడే నాలుగు సిలిండర్లూ ఒక సైకిల్ పూర్తి చేసినట్టు. సాఫీగా తిరిగితే గ్లో ప్లగ్‌ల (చల్లని ఇంజన్ అంటుకోవడానికి సిలిండర్లను వేడిచేసేవి) జోలికి పోవద్దు. పాత గ్లో ప్లగ్‌లు హెడ్డులో పట్టేసి విరుగుతాయి, విరిగిన ముక్క తీయడానికి హెడ్డు దించాల్సి వస్తుంది.

తిరగకపోతే అప్పుడే వాటిని విప్పాలి. మొదళ్లలో తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే చేసి ఒక రాత్రి వదిలేయండి. తర్వాత కొద్దిగా విప్పడం, మళ్లీ కొద్దిగా బిగించడం, అలా ఓపిగ్గా తీయండి. ఒక్కో రంధ్రంలో 10 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్, అంటే రెండు టీస్పూన్లు, అంతకు మించి వద్దు. ఒక రోజు నాననిచ్చి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ కదలకపోతే ఆయిల్ మళ్లీ పోసి ఇంకో రోజు ఆగండి కానీ హ్యాండిల్‌కు గొట్టం తొడిగి ఇద్దరు కలిసి వేలాడకండి. తిరిగాక, ప్లగ్‌లు పెట్టకముందే సెల్ఫ్‌తో కొన్ని చుట్లు తిప్పి ఎక్కువైన ఆయిల్ బయటకు చిమ్మనివ్వాలి. ఆ సమయంలో ముఖం దూరంగా ఉంచుకోండి.

మీ ఇంజన్‌కు టైమింగ్ బెల్టు ఉంటే దాన్ని, టెన్షనర్‌ను మార్చకుండా స్టార్ట్ చేయొద్దు. ఆ రబ్బరు కిలోమీటర్లతో అరగకపోయినా ఏళ్లతో పగులుతుంది. తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. చైన్ ఇంజన్లకు ఈ బెడద లేదు. ఫ్యాన్ బెల్టు, ఏసీ బెల్టు ఎలాగూ కొత్తవి వేయాలి.

పాత ఆయిల్ దించి, కొత్త ఫిల్టర్ వేసి, 15డబ్ల్యూ-40 గ్రేడు డీజిల్ ఇంజన్ ఆయిల్ పోయండి. ఈ సైజు ఇంజన్లకు ఐదు నుంచి ఏడు లీటర్ల దాకా పడుతుంది, డిప్ స్టిక్ చూసుకుంటూ పోయాలి. ఇది 500 కిలోమీటర్లకే దించేసే ఆయిల్, ఖరీదైన సింథటిక్ ఇప్పుడు దండగ.

డీజిల్ దగ్గర పిసినారితనం వద్దు

పాత డీజిల్ ఒక లీటరు గాజు సీసాలోకి తీసి రాత్రంతా కదపకుండా ఉంచండి. నీళ్లుంటే తెల్లారేసరికి అడుగున వేరే పొరగా కనబడతాయి. మన కోస్తా తేమకు సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపలి గోడలకు నీళ్లు పట్టి అడుగుకు చేరతాయి. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు తయారవుతుంది. ఫిల్టర్‌ను ముంచేసేది ఆ జిగురే. పాత డీజిల్ ముదురు రంగుకు తిరిగి వార్నిష్ వాసన కొడుతుంటే మొత్తం తీసేయండి. కాలువలో పోయకండి, పార్టులు కడుక్కోవడానికి ఆటోనగర్ షెడ్లలో తీసుకుంటారు.

ట్యాంకు దించి కడిగించడం కూలీతో కూడిన పని. ఇంజన్ అసలు బాగుందో లేదో తెలియకముందే ఆ ఖర్చు ఎందుకు? ఐదు లీటర్ల శుభ్రమైన క్యానులో కొత్త డీజిల్ పోసి, ఫిల్టర్‌కు వచ్చే పైపునూ, రిటర్న్ పైపునూ తాత్కాలిక రబ్బరు గొట్టాలతో ఆ క్యానులోకి మళ్లించండి. క్యాను కదలకుండా, వేడి సైలెన్సర్‌కు దూరంగా కట్టండి. కొత్త డీజిల్ ఫిల్టర్ వేసి, చేతి పంపు కొడుతూ బ్లీడ్ స్క్రూ దగ్గర బుడగలు ఆగేదాకా ఎయిర్ తీయండి. సీఆర్‌డీఐ (చాలా ఎక్కువ ఒత్తిడితో, కంప్యూటర్ లెక్కన డీజిల్ చిమ్మే) ఇంజన్లో కొత్త ఫిల్టర్‌ను ముందే డీజిల్‌తో నింపి బిగించడం తప్పు. వడకట్టని డీజిల్ ఫిల్టర్ దాటిన వైపు పడితే, వెంట్రుక కంటే సన్నని సందులున్న నాజిళ్లలోకి నేరుగా పోతుంది. నాజిల్ వైపు ఇనుప పైపుల నట్లు వదులు చేసి ఎయిర్ తీయడం పాత పంపు ఇంజన్లకే చెల్లింది. సీఆర్‌డీఐలో ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, ఆ చిమ్ముడు చర్మంలోంచి దూసుకుపోతుంది.

క్యాను మీద ఇంజన్ బాగా నడిచాకే ట్యాంకు దించండి. కడిగించి, లోపలి జాలీ శుభ్రం చేయించి, బాగా ఆరబెట్టి ఎక్కించి, 10 లీటర్ల కొత్త డీజిల్ పోయండి. మొదటి 500 కిలోమీటర్లలో ఫిల్టర్ కింది నీటి డ్రెయిన్ వారానికోసారి తెరవండి. ఇంకో ఫిల్టర్ కొని డిక్కీలో పెట్టుకోండి, అవసరం పడే అవకాశమే ఎక్కువ.

మొదటి స్టార్ట్

కూలెంట్ ఉందో లేదో చూడండి. తుప్పు నీళ్లుంటే దించి, రేడియేటర్, బ్లాకు రెండూ ఫ్లష్ చేసి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి. బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుని, మే నెల ఎండలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. హోస్ పైపులు నొక్కితే పటపటమన్నా, బుడిపెలు కట్టినా మార్చేయండి. రేడియేటర్ మూత కొత్తది వేయండి, దాని ఖర్చు ఎంతో కాదు.

ఇప్పుడు ఇంజన్ అంటుకోకుండా తిప్పాలి. పాత పంపు ఇంజన్లలో డీజిల్ సరఫరాను ఆపే స్టాప్ సొలినాయిడ్ వైరు తీయండి, సీఆర్‌డీఐలో నాజిళ్ల కనెక్టర్లు తీయండి. పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, ఒక నిమిషం ఆగి, మళ్లీ కొట్టండి. ఆయిల్ లైటు ఆరేదాకా ఇలా చేస్తే టర్బో దాకా ఆయిల్ చేరుతుంది. ఆపకుండా కొడితే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది.

కనెక్టర్లు పెట్టి స్టార్ట్ చేసేముందు ఎయిర్ ఇన్‌టేక్ నోటికి సరిపోయే చదునైన చెక్క పలక ఒకటి దగ్గర పెట్టుకోండి. టర్బో సీలు పోయి ఇంజన్ తన ఆయిల్‌నే తాగడం మొదలుపెడితే కీ తీసినా ఆగదు, వేగం పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు గాలి మూయడమొక్కటే దారి. చేత్తోనో గుడ్డతోనో మూయబోకండి, లాగేసుకుంటుంది. ఈథర్ స్ప్రే కొట్టి స్టార్ట్ చేయించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. గ్లో ప్లగ్‌లున్న ఇంజన్లో అది పేలుడుతో సమానం.

అంటుకున్నాక ఆక్సిలరేటర్ ముట్టుకోవద్దు. ఐడ్లింగ్‌లో రెండు మూడు నిమిషాలు గడిచాక పొగ చూడండి. మొదటి పది నిమిషాలు తెల్లగా రావడం మామూలే. పచ్చి డీజిల్ వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తే నాజిళ్లో, గ్లో ప్లగ్‌లో, కంప్రెషనో అనుమానించాలి. తియ్యటి వాసనతో వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్. నీలం పొగ అంటే ఆయిల్. నాననిచ్చిన ఇంజన్లో పట్టేసిన పిస్టన్ రింగులు వదులవడానికి కొన్ని గంటలు పడుతుంది, వెంటనే ఇంజన్ విప్పమనే మాట వినకండి. నల్ల పొగ అయితే ముందు టర్బో రబ్బరు పైపు చిరిగిందేమో చూడండి. బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు ఉంటే డైనమో బాగున్నట్టు. నడుస్తున్న సీఆర్‌డీఐ ఇంజన్‌కు బ్యాటరీ టెర్మినల్ తీసి డైనమో పరీక్షించే పద్ధతి ఈసీయూను చంపేస్తుంది.

బ్రేకులు

కదిలే ముందు ఆగడం చూసుకోవాలి. పెడల్‌ను నేల దాకా తొక్కి పంపు కొట్టకండి. పెడల్ ఒత్తిడిని బ్రేకులకు పంపే మాస్టర్ సిలిండర్లో ఏళ్లుగా పిస్టన్ తిరగని భాగం గరుకెక్కి ఉంటుంది, సీళ్లు ఆ గరుకు మీద పోయి చిరుగుతాయి. పెడల్ కింద రెండంగుళాల చెక్కముక్క పెట్టి అంతవరకే తొక్కండి.

నాలుగు చక్రాలూ విప్పండి. జాకీ మీద మాత్రమే నిలిపి కిందకు దూరొద్దు, స్టాండ్లు పెట్టండి. వెనక డ్రమ్ములు పట్టేసి ఉంటే హ్యాండ్ బ్రేక్ కేబుల్ పూర్తిగా వదులు చేసి, వెనక ప్లేటు రంధ్రంలోంచి అడ్జస్టర్ వెనక్కు తిప్పి, డ్రమ్ము చుట్టూ సుత్తితో సమంగా తట్టండి. అంచు మీద ఒకే చోట కొడితే డ్రమ్ము పగులుతుంది. వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తి చూడండి, లోపల తడి కనబడితే కొత్తది వేయండి. దాని కప్పులు మాత్రమే మార్చి సర్దడం తుప్పు పట్టిన సిలిండర్లో నిలవదు. ముందు క్యాలిపర్ పిస్టన్లు లోపలికి సాఫీగా పోవాలి, స్లైడ్ పిన్నులకు సిలికాన్ గ్రీజు పెట్టాలి. డిస్కు మీద పైపై తుప్పు పది బ్రేకులతో పోతుంది, గాడి పడితే లేత్ మీద ఆడించండి. కనీస మందం అంకె డిస్కు మీదే పోసి ఉంటుంది. మూడు రబ్బరు హోసులూ వయసును బట్టే మార్చండి. అవి లోపల వాచి వాల్వులా పనిచేస్తాయి, పెడల్ వదిలినా చక్రం వదలదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హామీ 155 డిగ్రీలకే. ఒక లీటరు సీలు తీయని డబ్బా కొని, వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరుసలో పాతదంతా పోయేదాకా బ్లీడ్ చేయండి. మాస్టర్ సిలిండర్ కుడివైపు ఉంటుంది కాబట్టి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం. క్లచ్‌కూ ఇదే ఆయిల్.

క్లచ్ తొక్కినా గేరు పడకుండా గరగరమంటే ప్లేటు ఫ్లైవీల్‌కు అంటుకుని ఉండొచ్చు. పెడల్ పూర్తిగా తొక్కి, సీటుకు ఆనించి కర్ర అడ్డుపెట్టి రాత్రంతా వదిలితే చాలాసార్లు ఊడుతుంది. గేర్‌బాక్స్ దించాల్సిన ఖర్చు తప్పుతుంది.

టైర్ల మీద చివరి నాలుగు అంకెలు చదవండి. 2316 అంటే 2016లో 23వ వారం. పదేళ్లు దాటినవి బటన్లు ఎంత బాగున్నా తీసేయాలి, ఆరు దాటితే పక్కగోడల పగుళ్లు వెతకాలి. పాత స్కార్పియోకు 235/70 ఆర్16, బొలెరోకు 215/75 ఆర్15. నాలుగు కొత్తవి కొని, పాతవాటిలో మెరుగైనది స్టెప్నీగా ఉంచండి. వాల్వులు కొత్తవి వేయించడం మరచిపోవద్దు.

గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్లు మార్చేటప్పుడు కింది డ్రెయిన్ కంటే ముందు పై ఫిల్లర్ బోల్టు విప్పి చూడండి. అది పట్టేసి ఉంటే ఆయిల్ దించాక పోసే దారుండదు.

ఆటోనగర్‌లో

గుంటూరు ఆటోనగర్ అయినా విజయవాడ ఆటోనగర్ అయినా పని పంచి ఇవ్వండి. పంపు, నాజిళ్లు టెస్ట్ బెంచ్ ఉన్న డీజిల్ షాపుకు, రేడియేటర్ రేడియేటర్ షాపుకు, డైనమో, సెల్ఫ్ ఎలక్ట్రీషియన్‌కు. మొత్తం గంపగుత్తగా ఒకరికి ఇస్తే ప్రతి పనికీ మధ్యవర్తి కమీషన్ మీ మీదే పడుతుంది. బండిని ఫ్లాట్‌బెడ్ లారీ మీదే పంపండి. ఇంజన్ నడవనిదే బ్రేక్ బూస్టర్, పవర్ స్టీరింగ్ రెండూ ఉండవు, తాడు కట్టి లాగించడం ప్రాణం మీదకు తెస్తుంది.

సెకండ్‌హ్యాండ్‌లో ధైర్యంగా కొనదగ్గవి డోర్లు, అద్దాలు, లైట్లు, మీటరు, డైనమో, సెల్ఫ్, ప్రొపెల్లర్ షాఫ్ట్. రబ్బరుతో చేసింది, అరిగేది, ఆపేది మాత్రం కొత్తదే. డీలరు డబ్బా కంటే, కంపెనీకి ఆ పార్టు సరఫరా చేసే తయారీదారు సొంత డబ్బాలో అమ్మేది చవక. బాష్ ఫిల్టర్లు, లూకాస్ టీవీఎస్ ఎలక్ట్రికల్స్, రానే స్టీరింగ్ పార్టులు అలాంటివి. మోడల్ పేరు చెప్పి అడగకండి, ఛాసిస్ నంబరు చూపించండి. ఒకే ఏడాది స్కార్పియోల్లోనే తేడా ఉంటుంది. మార్చిన ప్రతి పాత పార్టు మీ చేతికి ఇవ్వాలని ముందే చెప్పండి. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ టెర్మినళ్లు, ఈసీయూ కనెక్టర్ పీకించండి.

రోడ్డు మీద

ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆర్‌సీ పొడిగింపు అయ్యాక ఖాళీ వీధిలో 20 వేగంతో మొదలుపెట్టండి. ఐదు కిలోమీటర్లు తిరిగి, దిగి ఒక్కో చక్రం రిమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి. మూడింటి కంటే ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే ఆ క్యాలిపరో డ్రమ్మో పట్టుకుంటోంది. అది సరిచేశాక తెల్లవారుజామున ఇన్నర్ రింగ్ రోడ్డు, ఆ తర్వాతే గుంటూరు–విజయవాడ హైవే. కాజ టోల్ దగ్గరికి వెళ్లకముందే ఫాస్టాగ్ పనిచేస్తోందో లేదో చూసుకోండి, ఏళ్లు వాడనిది బ్లాక్ అయి ఉంటుంది.

500 కిలోమీటర్లకు ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మళ్లీ మార్చండి. పాత ఫిల్టర్‌ను రంపంతో కోసి కాగితం మడతలు విప్పి చూడండి. నల్ల మసి మామూలే, ఇత్తడి రంగు మెరుపులుంటే బేరింగుల సంగతి చూడాలి. అక్కడిదాకా బండి సాఫీగా వస్తే అప్పుడు ఏసీకి డబ్బు తీయండి. ముందు నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి లీకు పట్టించి, ఓ-రింగులు మార్పించి, ఆ తర్వాతే గ్యాసు నింపించాలి. లీకు చూడకుండా గ్యాసు కొట్టిస్తే వారంలో మళ్లీ వేడి గాలే.